ఊపిరాడట్లేదని చెప్పిన ఫోను

మంగళవారం, రాత్రి

నయాపూల్ కోర్టు దగ్గర పొద్దున్నుంచీ అఫిడవిట్లు టైపు చేయించుకునేవాళ్ళు నా బల్ల చుట్టూ మూగారు. పన్నెండింటికి నా భార్య సరోజ ఇంటి నుంచి ఫోన్ చేసింది.

"ఊపిరాడుతలేదయ్యా."

బోనాలు దగ్గరపడ్డాయి, తను కుట్టాల్సిన జాకెట్లు గుట్టలా ఉన్నాయి. పని ఒత్తిడి గురించి అంటోందనుకున్నాను.

"నాకూ గంతే. గుక్క తిప్పుకునే ఫుర్సత్ లేదు," అని నవ్వి పెట్టేశాను.

రెండింటికి పక్కింటి షబానా ఆపా ఫోన్. "భాయ్, సరోజ ఆయాసంతోని పడిపోయింది. దవాఖానకు తెచ్చిన. నీకు చెప్పిందంట గదా?"

ఆటో ట్రాఫిక్‌లో ఆగినప్పుడల్లా దిగి పరుగెత్తాలనిపించింది. వెళ్లేసరికి ముఖానికి ఆక్సిజన్ మాస్కు. నన్ను చూసి కళ్ళు మూసుకుంది. ఇంకో అరగంట ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టర్ అన్నారు. షబానా ఆపా ముఖం చూడలేకపోయాను.

సాయంత్రం మాస్కు తీశారు. తిడుతుందేమోనని దగ్గరగా వంగాను.

"రేపు నీకు పని మస్తుంటది గదా. నువ్వు పో, ఆపా ఉంటది," అంది.

ఆ గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది. ఎన్నాళ్ళ నుంచి నన్ను లెక్కలోంచి తీసేసి బతుకుతోందో...