తాడుకు రెండో చివర

పిన్నీ,

ఈ ఉదయం స్నానాలగదిలో అక్క పళ్లు తోముకునే బ్రష్షు పిడి సగానికి కోసేసి కనిపించింది. ఎందుకని అడిగితే నవ్వింది.

"మంచులో మనకి సామాన్లు తెచ్చిచ్చే నాథుడెవడూ ఉండడే, పుస్తకాల పురుగూ! తిండీ గుడారమూ అన్నీ జారుబండిలో వేసి నడుముకి కట్టుకుని, కాళ్లకి స్కీ చెక్కలు తొడుక్కుని లాక్కెళ్లాలి. పిడి ముక్కైనా బరువే" అంది.

తనతో రావలసినావిడ మానుకుంది. తోడు లేకపోతే అక్క ప్రయాణం ఆగిపోతుంది.

అక్క వెళ్లబోయే ఉత్తరధ్రువం వైపు మంచుకొండలు నువ్వు ఎక్కావు కనుక అడుగుతున్నాను. ఇద్దరూ ఒకే తాడు కట్టుకుని నడుస్తుంటే ఒకరు మంచు పగుల్లో పడితే, తాడుకు రెండో చివర ఉన్న మనిషి బక్కపలచగా ఉన్నా ఆపగలదా? అక్కడ రాత్రంతా ఎండేనట, గుడారంలో ఎంతసేపైనా చదువుకోవచ్చా? అక్కని అడిగితే భయపడుతున్నాననుకుంటుంది.

తోడుగా నేనే వస్తానని నిన్న తనకి మాటిచ్చాను.