ఎర్ర గీత

మంగళవారం, రాత్రి

ఊళ్ల భవిష్యత్తును గీతల్లో చూడగల సమస్త ప్లానింగ్ అధికారులారా, కింద రాయబోయే అజ్ఞానానికి నన్ను క్షమించండి. క్షమించకపోయినా రాస్తాను.

కొత్త మాస్టర్ ప్లాన్‌లో రోడ్డు మా గల్లీలోంచి వెళ్తుందని, ఖాజా చాచా వెల్డింగ్ షాపు కూల్చేస్తారని వారం రోజులుగా ఇక్కడ ఎవరికీ నిద్ర లేదు. చాచా మిషన్లు అమ్మకానికి పెట్టాడు. కొనేవాడు ఝరాసంగం నుంచి రేపు రావాలి. ఇవాళ చాచాను వెంటబెట్టుకుని మున్సిపల్ ఆఫీసుకు వెళ్లాను. గోడ మీది మ్యాపులో ఎర్ర గీతను ప్లానింగ్ మేడమ్‌కు చూపించాను.

"అది రోడ్డు కాదు బాబూ, వార్డు హద్దు. రోడ్డు చిరాగ్‌పల్లి దిక్కు పోతది. మీకెవరు చెప్పిన్రు గిట్ల?"

నేను ఫ్యాను వైపు చూశాను. చాచా బెంచీ మీద కూలబడి కళ్లు తుడుచుకున్నాడు.

"గల్లీల డిగ్రీ చదివినోడు ఒకడుండాలె బేటా. నువ్వు లేకుంటే రేపు మిషన్లన్నీ పోతుండె."

సాయంత్రం చాచా ఇంటి నుంచి బిర్యానీ వచ్చింది. రెండుసార్లు వడ్డించుకున్నాను. చాలా రోజులకు గల్లీలో వెల్డింగ్ చప్పుడు వినిపించింది, హాయిగా ఉంది. చాచాకు చెప్పాలా... రేపు చూద్దాం.

మేడమ్ ప్రశ్నకు జవాబు ఇక్కడ మాత్రం రాస్తాను. పోయిన వారం ఆ మ్యాపు చూసొచ్చి, కింద రంగుల వివరం చదవకుండానే, టీ కొట్టులో నలుగురి ముందు "ఎర్ర గీతంటే రోడ్డే" అని తేల్చి చెప్పింది నేనే.