తుడిచేసిన తెల్లపూత

గీదం, మంగళవారం

ఇవాళ కూడా డాక్టరుగారికి చెప్పలేదు.

నిన్న మరైగూడ లచ్చమ్మ తుంటి ఆపరేషన్లో తొడ ఎముకలోకి దించే లోహపు కాడ అందించింది నేనే. ఇంతకుముందు వాడినవన్నీ నున్నగా మెరిసేవి. దీనిమీద సున్నంలాంటి తెల్లపూత ఉంది. దుమ్మనుకుని తడి గాజుగుడ్డతో గట్టిగా తుడిచేశాను. గుడ్డకు తెల్లగా అంటాక గుర్తొచ్చింది, కాడకు ఎముక అతుక్కోవడానికే ఆ పూత వేస్తారని. ఆయన చూడలేదు. నేను నోరు విప్పలేదు. ఆ కాడనే లోపల దింపేశారు.

పొద్దున బీపీ చూస్తుంటే లచ్చమ్మ నా చెయ్యి పట్టుకుంది.

“ఏంది సిస్టరమ్మా, మొకం అట్ల పెట్టినవ్? నువ్వే దగ్గరుండి అందిచ్చినవంట గదా, ఇంక నాకు భయమేంది?”

రేపు ఆమెను మొదటిసారి నిలబెడతారు. నా భుజం పట్టుకునే లేస్తుందట.