పండబెట్టిన ప్లాస్మా టీవీ

నగరి బస్టాండు వెనక వీధిలో నలభై ఏండ్లుగా టీవీలు రిపేరు చేస్తున్న ఏకాంబరం అనే నేను, అరవై ఎనిమిదేండ్ల వయసులో, మతి నిలకడగా ఉండగానే, ఎవరి బలవంతమూ లేకుండా రాయించిన వీలునామా ఇది. తయారీ ఆగిపోయిన టీవీలను ఇంకా కొని బాగుచేసే మనిషికి మతి ఉందా అని నా కొడుకు భానుచందర్‌కు అనుమానం. అందుకే డాక్టరు సర్టిఫికెట్ జతచేశాను.

1. ఇల్లు నా భార్య తిరుమలమ్మకు సర్వహక్కులతో చెందవలసినది. గదులు మూడున్నా, టీవీలు పోగా ఆమెకు మిగిలింది వంటగదే. నా తదనంతరం మిగతా రెండూ స్వాధీనం చేసుకోవచ్చు.

2. దుకాణం భానుచందర్‌కు. వాడు తిరుపతిలో గోడకు తగిలించే టీవీల షోరూంలో పనిచేస్తాడు. అక్కడ టీవీ చెడితే బాగుచేయరు, కొత్తది చూపిస్తారు. దాన్ని సర్వీసు అంటారట. దుకాణంలోని పదకొండు పిక్చర్‌ట్యూబు టీవీలను పాత ఇనుముకు వేయకూడదు. వేసే ఖర్మే పడితే, ముందు ట్యూబులో నిలవున్న కరెంటు దించాలి. ప్లగ్గు పీకి ఎంతసేపైనా అది షాకు కొడుతుంది. ఈ విషయంలో అది నాలాంటిదేనని వాడి అమ్మ అంటుంది.

3. కూతురు పల్లవికి పద్నాలుగు అంగుళాల నలుపు తెలుపు టీవీ. తన పదో తరగతి పరీక్షలప్పుడు అది చెడిపోయిందని నెల రోజులు అబద్ధమాడాను. ఫ్యూజు నా జేబులో ఉండింది. ఆ ఫ్యూజు కూడా తనకే. ఈ వీలునామా అమలుచేసే బాధ్యతా తనదే.

4. నలభై రెండు అంగుళాల ప్లాస్మా టీవీ నా బావమరిది దేవరాజులుకు. పదేండ్లుగా అతను మా గడప తొక్కలేదు. తిరుపతిలో ఒక లాడ్జివాళ్లు తీసేస్తుంటే నేను కొన్న ఈ టీవీని తన మినీ లారీలో పండబెట్టి తెచ్చి అద్దం పగలగొట్టాడని వీధంతా చాటింది నేనే. ప్లాస్మాను నిలబెట్టి తేవాలని ఆ మాత్రం తెలియదా అని నలుగురిలో తిట్టాను. నిజం వేరు. లారీకి ఎక్కించేటప్పుడు అతను, "నిలబెట్టాల్నా బావా, పండబెట్టాల్నా?" అని అడిగాడు. నేను కొన్న మొదటి ప్లాస్మా అది. తెలియదనడానికి నామోషీ పడి, "పండబెట్టప్పా, నాకు తెల్దా" అన్నాను. తప్పు నాది. తిరుమలమ్మ పదేండ్లుగా తమ్ముణ్ణి ఊళ్లో పెండ్లిండ్లలోనే చూస్తోంది. అందుకు నాకు సిగ్గుగా ఉంది. చెడిపోయిన ప్లాస్మాలు ఆరు కొని, వాటిలో పగలని అద్దం వెతికి, దీన్ని బాగుచేశాను.

5. సాక్షిగా రమ్మని తిరుమలమ్మ చేత కబురు పెట్టించాను. దేవరాజులు వచ్చి, అరుగు మీదే నిలబడి పై నాలుగు అంశాలూ చదివాడు. ఆస్తి పొందేవాడు సాక్షి సంతకం పెట్టకుంటే మంచిదని దస్తావేజులు రాసే అమర్‌నాథ్ అడ్డుపడ్డాడు. టీవీయా, సంతకమా తేల్చుకోమన్నాము. "టీవీ నాకేల బావా. సంతకమే పెడతా. నువ్వు ఒప్పుకున్నట్టు సాక్షి ఉండాల గదా" అని లోపలికి వచ్చి కూర్చున్నాడు. కాబట్టి నాలుగో అంశంలోని టీవీ తిరుమలమ్మకు చెందుతుంది. ఎక్కడికి మార్చినా నిలబెట్టే మోయవలసినది.

నగరి, 12 నవంబరు 2025

(సంతకం) ఏకాంబరం

సాక్షులు:
1. అమర్‌నాథ్, దస్తావేజు లేఖరి
2. దేవరాజులు. చదువుకొని సంతకం చేసినాను. నాలుగో అంశం రెండుసార్లు చదివినాను.