పన్నెండో పానా

మామయ్యకి మేనకోడలి నమస్కారాలు.

విమానాల మెకానిక్ శిక్షణలో చేరి ఏడాదయింది. నిన్న ఇంజను మూత బిగించాక చూసుకుంటే పనిముట్ల బోర్డు మీద పదో నంబరు పానా లేదు. నేనే వెళ్లి ఇన్‌స్పెక్టరుగారికి చెప్పాను. పానా దొరికేదాకా విమానాన్నీ కదలనివ్వలేదు, మమ్మల్నీ కదలనివ్వలేదు. నా పేరు రిజిస్టరులో ఎక్కించారు. వచ్చే నెల సర్టిఫికెట్ పరీక్ష. భయంగా ఉంది.

ఇట్లు,
నీ మేనకోడలు

తా.క. మూడు గంటలు వెతికాక దొరికింది. ఇంజను మూత లోపలే ఉంది.

అమ్మడూ, దీవెనలు.

ఉత్తరం చదివి ఒళ్లు మండిపోయింది. ఒక్క పానా కోసం నీ పేరు దొంగల పుస్తకంలో రాస్తారా? ముప్పై ఏళ్లుగా బస్సులు బాగుచేస్తున్నాను. నా షెడ్డులో నెలకు నాలుగు పానాలు మాయమవుతాయి. అయినా బస్సులు తిరగడం లేదా? ఈ పార్సిల్లో పన్నెండు పానాలు పెట్టాను. ఆ ఇన్‌స్పెక్టరు బల్ల మీద పడేసి నోరు మూసుకోమను.

మీ మామయ్య

తా.క. నోరు మూసుకోమన్నది నేనని చెప్పు. నువ్వు అనకు, పరీక్ష ఉందిగా.

మామయ్యకి నమస్కారాలు, ఆ వెంటనే మొర.

అది దొంగల పుస్తకం కాదు. ఏ పానా ఎవరి చేతిలో ఉందో రాసుకునే పుస్తకం. నంబరు లేని పనిముట్టు ఇక్కడ గుమ్మం దాటకూడదు. కాపలా మనిషి చూసుకోకుండా నీ పెట్టెను లోపలికి పంపేశాడు. ఇన్‌స్పెక్టరుగారు విప్పించి లెక్కపెట్టారు. నువ్వు పెట్టిన చీటీలో పన్నెండు అని ఉంది, పెట్టెలో పదకొండే ఉన్నాయి. పన్నెండోది ఏ విమానంలో దూరిందోనని మళ్లీ అందరిచేతా వెతికించారు. క్లాసులో నాతో ఎవరూ మాట్లాడటం లేదు.

నీ మేనకోడలు

తా.క. ఇంకేమీ పంపకు. ప్రేమతో కూడా.

అమ్మడూ,

పన్నెండూ నా చేత్తో లెక్కపెట్టాను. ఇప్పుడు నన్నూ దొంగను చేస్తున్నారన్నమాట. మీ పెద్ద ఇన్‌స్పెక్టరుకే ఘాటుగా రాశాను. "ఈ పిల్లకు దాచడం చేతకాదు. పదేళ్లప్పుడు, నేను పాత నట్టు బిగించానని బస్సు యజమానికి మొహం మీదే చెప్పి బేరం పోగొట్టింది. అలాంటిదాన్నా మీరు అనుమానించేది?" అని కడిగేశాను.

నీ పక్షాన నిలబడ్డ మామయ్య

తా.క. మీ అత్తయ్య అది చదివి "ఇది ఫిర్యాదా, సిఫారసా?" అంది. ఆమెకి ఘాటు తెలియలేదు.

మామయ్యకి సంతోషంతో రాసేది.

పరీక్ష పాసయ్యాను. నీ ఉత్తరాన్ని పెద్ద ఇన్‌స్పెక్టరుగారు క్లాసులో పైకి చదివి, నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నారు. "బిగించడం ఎవరికైనా నేర్పుతాం. తప్పు జరిగితే తనంతట తాను వచ్చి చెప్పే మనిషి దొరకడమే కష్టం" అన్నారు. సర్టిఫికెట్ వచ్చినా ఇంకో రెండేళ్లు నా పనిని ఇంకొకరు చూసి సంతకం పెడితేనే విమానం ఎగురుతుంది. నాకేం చిన్నతనంగా లేదు.

నీ మేనకోడలు

తా.క. కోప్పడకు. ఆ పానా ఏ బస్సులోనైనా ఉందేమో చూడు.

అమ్మడూ,

ముందు కోప్పడ్డాను. తర్వాత గుర్తొచ్చింది. లెక్కపెట్టాక, షెడ్డులో ఉన్న బస్సుకి ఆఖరి బోల్టు బిగించడం కోసం అందులోంచి ఒకటి తీశాను. బస్టాండుకు పరుగెత్తి ఆ బస్సు ఆపించాను. పానా ఇంజను ఫ్యాను పక్కనే ఉంది. నలభైమంది దిగి చూస్తున్నారు. "ఎవరి నిర్వాకం ఇది?" అన్నాడు డ్రైవరు. "నాదే" అన్నాను. అతను పానా తుడిచి నా చేతిలో పెట్టాడు. అదే ఎక్కువ బాధేసింది.

మర్నాడే వెళ్లి బస్సు మెకానిక్కుల సర్టిఫికెట్ క్లాసులో చేరాను. పాఠం చెప్పేది ఒకప్పుడు నా షెడ్డులో పని నేర్చుకున్నవాడే.

మొదటి బెంచీ నుంచి,
మీ మామయ్య

తా.క. హాజరు పిలుస్తూ, నా పేరు దగ్గరికొచ్చేసరికి వాడు "గురువుగారూ" అన్నాడు. లేచి నిలబడి "ఉన్నాను సార్" అన్నాను.