మోడెం అన్నం తినదు

ఫిబ్రవరి 8, 1999, సోమవారం

జీడిమెట్ల నుంచి మళ్ళీ ఫోను. మందుల కంపెనీ మేనేజరు ప్రసాదరావు గారు. సరుకు లారీ కోఠీలో స్టాకిస్టు దుకాణం ముందు ఆగి, పెట్టెలు కూడా దింపేశారట. "సరుకు బయల్దేరింది" అనే మెయిల్ ఆ తర్వాత గంటకి వచ్చిందట. "మీ కంప్యూటరు కన్నా మా లారీయే నయమండీ" అని నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఆర్డర్లు తీసుకునే భాగం రాసింది నేను. లారీ గేటు దాటగానే దానంతటదే మెయిల్ పంపే భాగం రాసింది మధు. మా సార్ మూర్తి గారు ఇద్దరి మొహాలూ చూశారు. నా మొహమే ఎక్కువసేపు చూశారేమో అని ఇంకా ఆలోచిస్తూ కూర్చున్నాను.

ఫిబ్రవరి 9

ఇక్కడ మాదాపూర్ ఆఫీసులో పరీక్షిస్తే మెయిల్ రెండు నిమిషాల్లో పోతోంది. అదే ప్రోగ్రాము, జీడిమెట్లలో గంటన్నర. ఒక్కోసారి రెండున్నర.

మధుని అడిగాను. తల కూడా ఎత్తలేదు. "ఫోన్ లైన్ ఖరాబున్నది. గంతే."

ఇంత తేలిగ్గా జవాబు దొరికేదైతే నెల రోజుల నుంచి ఎందుకు చెప్పలేదు?

ఫిబ్రవరి 10

మధు చాయ్‌కి దిగాడు. రోడ్డవతల రాళ్ళు కొట్టే చోట బండి ఉంది, వెళ్ళి రావడానికి పావుగంట. ఆ పావుగంటలో అతని ప్రోగ్రాము తెరిచి చదివాను. తప్పే. అయినా చదివాను.

మెయిల్‌కీ మెయిల్‌కీ మధ్య పది సెకన్లు ఆగమని రాసి ఉంది. కావాలనే. చేత్తో. పక్కన ఒక్క ముక్క వివరణ లేదు.

అతను వచ్చాక ఊరికే అడిగినట్టు అడిగాను, మధ్యలో ఆపుతారా ఏమైనా అని. మోడెం జర ఊపిరి తీసుకోవాలె గద, అన్నాడు. రోజుకి అరవై మెయిళ్ళు. పదేసి సెకన్లు వేసుకున్నా మొత్తం పది నిమిషాలే. గంటన్నర ఎక్కడికి పోయినట్టు? పది సెకన్లు పెట్టినవాడు ఇంకెక్కడో ఇంకేదో పెట్టే ఉంటాడు.

ఫిబ్రవరి 11

సార్ పిలిచారు. ఇద్దరినీ నిలబెట్టే చెప్పారు. నెలాఖరుకి జీడిమెట్ల వాళ్ళు పని పూర్తయిందని సంతకం పెట్టాలి. ఆ తర్వాత ఇద్దరిలో ఒకరినే పర్మనెంట్ చేస్తారు. రెండోవారు వేరే చోట చూసుకోవాలి.

మధు నవ్వాడు. ఎందుకు నవ్వాడు?

నాకు నవ్వు రాలేదు. కర్నూలు తిరిగి వెళ్ళి మళ్ళీ ట్యూషన్లు చెప్పుకోవడం నావల్ల కాదు. ఈ ఉద్యోగం నాకు కావాలి. ఇంత స్పష్టంగా ఏదీ కోరుకోలేదు ఇంతవరకు.

ఫిబ్రవరి 12, శుక్రవారం

మంచి పని చేశాను. జీడిమెట్ల నుంచి నాలుగు రోజుల మెయిళ్ళ వేళలు ఫ్యాక్సులో తెప్పించాను. ఎప్పుడు తయారైంది, ఎప్పుడు బయటికి పోయింది. అట్ట మీద గళ్ళు గీసి అన్నీ నింపాను.

ఒంటి గంట నుంచి రెండింటి వరకు ఒక్క మెయిల్ కూడా పోలేదు. నాలుగు రోజులూ. తయారైనవి మాత్రం ఉన్నాయి, కదలకుండా కూర్చున్నాయి.

ఫోన్ లైన్ ఖరాబైతే ఎప్పుడైనా ఖరాబు కావాలి. రోజూ భోజనం వేళకే ఎందుకు? మోడెం అన్నం తినదు.

మధు తింటాడు. ఒంటి గంటకి లేస్తాడు, రెండింటికి వస్తాడు.

ఫిబ్రవరి 13

రెండో శనివారం. హాస్టల్. అమ్మ పంపిన చింతకాయ పచ్చడి తగ్గిపోతోంది. సీసా మీద పెన్నుతో గీత పెట్టాను. రూమ్మేట్ విజయ చూసి, నీది పోలీసు స్టేషన్‌లో ఉండాల్సిన బుర్ర అంది. అమ్మ కూడా అదే అంటుంది.

ఫిబ్రవరి 14

గీతకి రెండు వేళ్ళు కింద ఉంది పచ్చడి. పొద్దున ఉప్మాలోకి నేనే వేసుకున్నాను. అయినా రెండు వేళ్ళంత వేసుకున్నానా?

ఫిబ్రవరి 15, సోమవారం

మధు రాలేదు. వాళ్ళమ్మకి సిద్దిపేట దవాఖానలో ఆపరేషనట, సార్‌కి ఫోను చేశాడట.

అతను లేకపోయినా ఒంటి గంటకి మెయిళ్ళు ఆగిపోయాయి, జీడిమెట్లకి ఫోను చేసి కనుక్కున్నాను. అంటే ముందే ఏర్పాటు చేసి వెళ్ళాడు. అతని కంప్యూటరు తెరవబోయాను, పాస్‌వర్డ్ అడిగింది. దాచేది లేకపోతే పాస్‌వర్డ్ ఎందుకు? (నాదానికీ ఉంది. అది వేరు.)

ఫిబ్రవరి 16

దొరికింది.

రెండు బస్సులు మారి జీడిమెట్ల వెళ్ళాను, ఒక్కదాన్నే. బాలానగర్ దాటాక ఆ మందుల వాసన, ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకున్నాను. గేటు దగ్గర వాచ్‌మన్ పుస్తకంలో పేరు రాయమన్నాడు. రాస్తూ వెనక పేజీలు తిప్పాను. ఎందుకు తిప్పానంటే చెప్పలేను, చెయ్యి ఊరుకోదు.

జనవరి పది. పదిహేడు. ఇరవై నాలుగు. మూడు ఆదివారాలు. మూడుసార్లూ మధు సంతకం. "ఎవరిని కలవాలి" అన్న చోట "మెయిల్ కంప్యూటరు" అని ఉంది. సార్‌కి చెప్పలేదు, నాకు చెప్పలేదు, సెలవు రోజున దొంగలా వచ్చి పోయాడు. సరిగ్గా జనవరి నుంచే మెయిళ్ళు ఆలస్యం.

మెయిల్ కంప్యూటరు డిస్పాచ్ సెక్షన్‌లో ఉంది, గుమస్తా రాజలింగం గారి బల్ల మీద. పెద్దాయన. నాకు చాయ్ చెప్పి, లారీ లోడు చూడాలని గోడౌన్‌కి వెళ్ళారు. నేను ఆ కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఒళ్ళు మండిపోతోంది. మా ఆఫీసులో మెయిల్ వ్యవహారమంతా చూసేది మధే, అక్కణ్ణుంచి రాస్తే అతని కంట పడుతుంది. ఇక్కడే రాయాలి. సార్ సొంత అడ్రసుకి రాశాను. మధు మోసం చేస్తున్నాడని, నా పేరు పాడు చెయ్యడానికి కావాలనే మెయిళ్ళు ఆపుతున్నాడని, ఆదివారాలు దొంగచాటుగా వచ్చాడని, అతన్ని ఈ పని నుంచి తీసేయమని. కింద నా పేరు. పంపే బటన్ నొక్కాను. రాజలింగం గారు వచ్చేలోపు బయటపడ్డాను.

తిరుగు బస్సులో సీటు కూడా దొరికింది. హాయిగా ఉంది.

ఫిబ్రవరి 17

సార్ ఏమీ అనలేదు. గుడ్ మార్నింగ్ అన్నారు, అంతే. చదివి ఊరుకున్నారా? లేక నన్నే గమనిస్తున్నారా?

ఫిబ్రవరి 18

ఇవాళా ఏమీ లేదు.

మధు వచ్చాడు. కళ్ళు లోపలికి పోయాయి. వాళ్ళమ్మకి పిత్తాశయంలో రాళ్ళు తీశారట, ఇప్పుడు నయమట. నా బల్ల మీద కాగితం పొట్లం పెట్టాడు, సర్వపిండి, వాళ్ళక్క చేసిందట. ఇన్నాళ్ళు లేని ఈ ప్రేమ ఏమిటి? సాయంత్రం దాకా ముట్టుకోలేదు. తర్వాత మొత్తం తిన్నాను.

ఫిబ్రవరి 19, శుక్రవారం

రాయాలని లేదు. అయినా రాయాలి.

సాక్ష్యం ఇంకాస్త గట్టిగా ఉండాలని మళ్ళీ జీడిమెట్ల వెళ్ళాను. ఈసారి కంప్యూటరు ముట్టుకోలేదు. రాజలింగం గారి బల్ల పక్కన స్టూలు వేసుకుని పది గంటల నుంచి ఊరికే చూస్తూ కూర్చున్నాను.

లారీ గేటు దాటింది. తెర మీద మెయిల్ వచ్చి నిలబడింది. రాజలింగం గారు కళ్ళజోడు పెట్టుకున్నారు. సొరుగులోంచి ఎర్ర అంచుల పెద్ద రిజిస్టరు తీశారు. ఔట్‌వర్డ్ రిజిస్టరు. తేదీ రాశారు. ఎవరికి, ఏ ఊరికి, విషయం ఏమిటి, గుండ్రటి అక్షరాలతో, స్కేలు పెట్టి గీత గీసి. నంబరు వేశారు. ఆ నంబరు మెయిల్ తల మీద ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు చేశారు. సరిచూసుకున్నారు. అప్పుడు బటన్ నొక్కారు. మోడెం అరిచింది, మెయిల్ పోయింది. ఆలోపు ఇంకో ఆరు వచ్చి వరసలో నిలబడ్డాయి.

ఒంటి గంటకి కంప్యూటరు మీద గుడ్డ కప్పి, టిఫిను డబ్బా విప్పారు.

స్టూలు దగ్గరికి జరుపుకున్నాను. అవి వాటంతటవే పోవాలి కదా సార్, అన్నాను.

"నంబరు లేకుంట కాయితం బయటికెట్ల పోతది బిడ్డా? ఇరవై ఆరేండ్ల సంది ఒక్కటి గూడ పోనియ్యలే."

తింటూ తింటూ ఆయనే చెప్పారు. ఈ కంప్యూటరు వచ్చిన కొత్తలో, ఇక డిస్పాచ్‌లో మనిషి అక్కర్లేదని పైన మాట్లాడుకున్నారట. రిటైర్‌మెంటు ఇంకా రెండేళ్ళు ఉంది. అప్పుడు మధుని బతిమాలుకున్నారట, తన చెయ్యి పడకుండా ఏదీ పోకూడదని. మధు ఈ ఒక్క కంప్యూటరులో అలాగే ఏర్పాటు చేశాడు. మూడు ఆదివారాలు వచ్చి ఆయనకి టైపింగ్ నేర్పాడు. పైన చెబితే మధ్యలో ఈ ముసలాయన ఎందుకంటారని చెప్పలేదు.

ఫోన్ లైన్ ఖరాబు అన్నది అందుకు. తన ఉద్యోగం పోయేలా ఉన్నా చెప్పలేదు.

అప్పుడు నాకు గుర్తొచ్చింది. నా మెయిల్ కూడా ఈ కంప్యూటరు నుంచే కదా.

అడిగే పని పడలేదు. ఆయనే చెయ్యి కడుక్కుని వచ్చి రిజిస్టరు వెనక్కి తిప్పారు. ఫిబ్రవరి 16. నంబరు 1147. ఎవరికి: మూర్తి గారు, మాదాపూర్. విషయం: మధు గారి మీద కంప్లైంటు. పంపినవారు: సుమతి. అదే గుండ్రటి దస్తూరి.

"నంబరేసిన. గని మధు సారు పేరు జూసి ఆపిన. పంపాల్నా బిడ్డా, ఆపాల్నా?"

ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. ఆపండి, అన్నాను. సరేనని, తెర మీద ఉన్నది నా చేతే తీసేయించారు. రిజిస్టరులో మాత్రం చివరి గడిలో ఎర్ర సిరాతో "ఆపడమైనది" అని రాసి, పెన్ను నా చేతికిచ్చారు. ఆపిన కాగితానికి ఆపినవాళ్ళ సంతకం కావాలట.

చేశాను.

ఫిబ్రవరి 20

సిగ్గుగా ఉంది. ఇంకేం రాయను.

ఫిబ్రవరి 21, ఆదివారం

మధు ఆదివారాలు రాజలింగం గారికి ఫోన్ చేసి బాగోగులు కనుక్కుంటాడట. మొన్న ఆయనే చెప్పారు. ఇవాళ ఆదివారం.

చెప్పి ఉంటారా? అలాంటి మనిషి కాదు. కానీ మధు అడిగితే అబద్ధమాడే మనిషి కూడా కాదు.

విజయ కొత్త పచ్చడి సీసా కొని నా పెట్టె మీద పెట్టింది. పాతది నువ్వే తిన్నావు, అయినా నీతో పడలేను అంది.

ఫిబ్రవరి 22, సోమవారం

మధుకి సగం చెప్పాను. రిజిస్టరు చూశానని, రాజలింగం గారి సంగతి తెలుసునని. 1147 సంగతి చెప్పలేదు. అతను కీబోర్డు మీంచి తల ఎత్తకుండానే సార్‌కి చెప్తవా, అన్నాడు.

చెప్పను, కానీ వేరే దారి ఉంది అన్నాను. నంబరు ప్రోగ్రామే వేస్తుంది, మెయిల్ వెంటనే పోతుంది. సాయంత్రం ఆ రోజు నంబర్లన్నీ ప్రింటై వస్తాయి. రాజలింగం గారు సరిచూసి సంతకం పెడితేనే ఆ రోజు లెక్క ముగిసినట్టు. ఆయన సీటు ఉంటుంది, లారీ కన్నా మెయిల్ ముందు పోతుంది. మధు మొదటిసారి నా వైపు సరిగ్గా చూశాడు. ఇద్దరం కలిసి వెళ్ళి సార్‌కి ఈ ఉపాయం వరకే చెప్పాం. పనికొచ్చేలా ఉందన్నారు. ప్రసాదరావు గారు కూడా ఫోనులో ఒప్పుకున్నారు. ఒకే ఒక్క కోరిక అన్నారు.

"నంబర్లు మధ్యలో తెగకూడదండీ. జనవరి నుంచి రిజిస్టరులో ఉన్నవన్నీ లైనుకి లైను కంప్యూటర్లోకి ఎక్కించెయ్యండి."

నేను ఎక్కిస్తానన్నాను, ఆయన మాట పూర్తి కాకుండానే. మధు వద్దన్నాడు. "నీకెందుకు పరేషాన్, నేనే కొడ్త. రాజలింగం సార్ దస్తూరి నాకు అలవాటే." సార్ అతన్నే వెళ్ళమన్నారు. బుధవారం.

అంత పట్టు ఎందుకు పట్టాడు? మంచితనమా? తెలిసేనా?

ఫిబ్రవరి 23

చెప్పాలని రెండుసార్లు అతని కుర్చీ దాకా వెళ్ళాను. మొదటిసారి స్టేప్లర్ అడిగాను. రెండోసారి కూడా స్టేప్లరే అడిగాను.

మాటల్లో, మణికొండ నుంచి పొద్దున్నే బయల్దేరి ఎనిమిదికల్లా బాలానగర్‌లో బస్సు మారతానన్నాడు.

ఫిబ్రవరి 24, బుధవారం. ఏడున్నర. బాలానగర్ బస్‌స్టాప్.

హాస్టల్‌లో టిఫిన్ తినకుండా వచ్చేశాను. బెంచీ మీద కూర్చుని మోకాలి మీద పెట్టుకుని రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతున్నాయి.

ఏం చెప్పాలి? నిన్ను దొంగవనుకున్నాను మధూ, పేరు పెట్టి రాశాను కూడా, ఆ మెయిల్ పోకపోవడం నా గొప్ప కాదు, నువ్వు నిలబెట్టిన ముసలాయన ఆపాడు. అంతే చెప్పాలి. ఆ తర్వాత అతను సార్‌కి చెప్పుకున్నా తప్పు పట్టలేను. పర్మనెంట్ అతనికే రావాలి. ఈ మాట రాస్తుంటే కూడా నాకు ఉద్యోగం కావాలనే ఉంది.

నేను చెప్పకపోతే సాయంత్రానికల్లా అతను 1147 దగ్గరికి వస్తాడు. నా సంతకం కూడా తనే ఎక్కించుకుంటాడు.

ఏడు యాభై. ఇంకా రాలేదు.

అదిగో బస్సు. వెనక గుమ్మంలోంచి దిగుతున్నాడు. నన్ను చూశాడు.

ఆశ్చర్యపోలేదు.