వెర్నెల్ స్థానంలో

హొనొలులు,
సోమవారం మధ్యాహ్నం.

అమ్మకు,

నీ చిన్నకొడుకు డోర్సీ నమస్కారాలతో రాస్తున్నది. నేనిక్కడ క్షేమంగా ఉన్నాను. నిన్నటి ఆటలో ఒంటి మీద కొత్త దెబ్బ ఒక్కటి కూడా పడలేదు. నువ్వూ, యులా అక్కా, పిల్లలూ బాగున్నారనీ, చలికి నీ వేళ్ళ కీళ్ళు మరీ బాధపెట్టడం లేదనీ అనుకుంటున్నాను. రొయ్యల షెడ్డుకి ఈ నెలంతా వెళ్ళొద్దని అక్క చెబితే వినలేదట. నేను చెప్పినా వినవు కాబట్టి చెప్పను. చేతులకి ఆ రబ్బరు తొడుగులైనా వేసుకో.

నీ ఉత్తరం శుక్రవారం హోటల్లో అందింది. నువ్వడిగినవన్నీ ఒక్కొక్కటిగా చెబుతాను. తిండికి లోటు లేదు. ఇక్కడివాళ్ళూ మనలాగే అన్నం తింటారు, పొద్దున్నే గుడ్డుతో సహా. మనలా బీన్స్ వండటం మాత్రం రాదు. నువ్వు పంపిన పెకాన్ మిఠాయి డబ్బాలో సగం మా గదుల వరుసలో ఉన్నవాళ్ళు తినేశారు. మిగతా సగం గురించి తర్వాత రాస్తాను. పడవ ఎక్కావా అని అడిగావు. ఎక్కలేదు. అందరూ ఎక్కారు. పెళ్ళాంపిల్లలతో వచ్చారు కదా, వాళ్ళకిది ఏడాదికొకసారి దొరికే సెలవు. నేను గదిలో కూర్చుని కిటికీలోంచి వాళ్ళని చూశాను. సముద్రం బాగానే ఉంది. బాగుందని తెలుస్తోంది గానీ, అంతకంటే ఏమీ అనిపించడం లేదు. ఇక్కడికి వచ్చిన దగ్గర్నుంచీ నాకు అన్నీ అలాగే ఉన్నాయి.

ఇక నువ్వు రెండుసార్లు గీత గీసి మరీ అడిగిన సంగతి. డిసెంబరులో పేపర్లో వచ్చిన, ఈ ఆటకి ఎంపికైనవాళ్ళ మొదటి జాబితాలో నా పేరు ఎందుకు లేదని, మంగలి షాపు టెరియో గారు నలుగురి ముందూ "మీవాణ్ణి దొడ్డిదారిన లోపలికి తీసుకున్నారటగా" అన్నాడని రాశావు. ఆయనతో గొడవపడకు. ఆయన అన్నది దాదాపు నిజమే.

సీజను అయ్యాక అన్ని జట్ల నుంచీ ఏరినవాళ్ళతో ఆడించే ఈ ప్రో బౌల్ ఫుట్‌బాల్ ఆటకి ఎవరిని పంపాలో ఆటగాళ్ళూ కోచ్‌లూ ఓట్లు వేస్తారు. సొంత జట్టువాడికి వేయకూడదు. బంతి పట్టుకుని పరిగెత్తేవాళ్ళకి లెక్కలుంటాయి, ఎన్ని గజాలు, ఎన్ని స్కోర్లు అని. మాలాంటి గార్డులకి ఏమీ ఉండదు. బంతి విసిరేవాడి ముందు గోడలా నిలబడతాం, అంతే. గోడ బాగుందని ఎవరూ అనరు. అందుకే మాతో తలపడినవాళ్ళు, మా దెబ్బ తిన్నవాళ్ళు మా పేరు రాశారంటే, అంతకు మించిన గౌరవం మాకు ఇంకొకటి లేదు. ఎనిమిదేళ్ళుగా మా జట్టులో ఎడమ గార్డుని నేను, కుడి గార్డు వెర్నెల్. ఎనిమిదేళ్ళుగా ప్రతి డిసెంబరులోనూ ఇద్దరం "మనకెందుకులేరా" అనుకుంటూనే ఎదురుచూసేవాళ్ళం.

ఈసారి బుధవారం పొద్దున మా లైన్ కోచ్ హెన్నెసీ మీటింగు గదిలోకి వచ్చి కాగితం చదివాడు. వెర్నెల్ పేరు ఉంది. గదంతా బల్లలు చరిచింది. వాడు నీకు తెలుసు కదా, ఎంత భారీ మనిషో, రెండు చేతులతో మొహం కప్పుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అప్పుడు హెన్నెసీ నావైపు తిరిగి, "డోర్సీ, నీకు రెండు ఓట్లు తక్కువయ్యాయి. గార్డుల్లో ఎవరైనా దెబ్బతిని తప్పుకుంటే నువ్వే వెళతావు" అన్నాడు.

వెర్నెల్ కళ్ళు తుడుచుకుని లేచాడు. "ఒరేయ్, అందరూ వినండి! నేను మెట్ల మీంచి జారిపడితే వీణ్ణే ముందు పట్టుకోండి. సబ్బు రాసింది వీడే!"

అందరం పగలబడి నవ్వాం. నేనూ నవ్వాను.

ఆ ఆదివారమే వాడు పడిపోయాడు. వాడి స్థానంలో నేను వచ్చాను. టెరియో గారికి ఇంతవరకూ చెబితే చాలు. మిగతాది నీకు.

నిన్నటి ఆట టీవీలో చూసే ఉంటావు. మేం గెలిచాం. గెలిచామని పక్కవాడు నా వీపు తట్టాక గాని నాకు తెలియలేదు. ఇది సగం ఆటే అమ్మా. ఎవరూ గట్టిగా గుద్దుకోరు, ఒకరికొకరు దెబ్బ తగలకుండా చూసుకుంటారు. నాకెదురుగా నిలబడ్డది టుపువా అని, ఈ ఊళ్ళోనే పుట్టినవాడు. మొదటి బంతికే నా చెవి దగ్గర, "నెమ్మదిరా నాయనా, మా అమ్మ ముందు వరసలో కూర్చుంది" అన్నాడు. సరేనన్నాను. కానీ మూడో క్వార్టరులో ఏమైందో, బంతి కదలగానే సీజనులో కొట్టినట్టే వాణ్ణి గుండెల్లో గుద్దేశాను. వెల్లకిలా పడ్డాడు. వాడు లేచేదాకా, వాడి రెండు కాళ్ళూ కదిలేదాకా నేను అక్కణ్ణుంచి కదల్లేకపోయాను.

"నీకేమైనా పిచ్చా?" అన్నాడు లేచి.

"క్షమించు" అన్నాను.

వాడు నా మొహంలోకి చూసి తన చోటికి వెళ్ళి నిలబడ్డాడు. ఆట అయ్యాక వాడే నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. "నువ్వు వచ్చింది ఆ కుర్రాడి స్థానంలో కదూ?" అన్నాడు. ముప్ఫై ఒక్కేళ్ళ వెర్నెల్‌ని కుర్రాడన్నాడు. అవునన్నాను. "మా అమ్మ వాడి కోసం ప్రార్థన చేస్తోంది. చెప్పు వాడికి" అని వెళ్ళిపోయాడు.

వెర్నెల్ సంగతి నువ్వు మూడు ఉత్తరాల్లో అడిగావు. మెడ పట్టేసింది, కోలుకుంటున్నాడు అని రాశాను. అది అబద్ధం. వాడి మెడ ఎముక విరిగింది. ఛాతీ కింద నుంచి ఏమీ తెలియదు. చేతులు కొంచెం లేస్తాయి గానీ వేళ్ళు పట్టవు. మధ్యలో ఊపిరితిత్తులకి నిమ్ము చేరి నెలరోజులు మంచం దిగనివ్వలేదు. ఇక నడవడని డాక్టర్లు జనవరిలోనే చెప్పేశారు. నీకు రాయడానికి చెయ్యి రాలేదు.

అంతకంటే రాయలేనిది ఇంకొకటుంది. ఇప్పుడు రాస్తున్నాను. చదివేటప్పుడు అక్క పక్కన లేకుండా చూసుకో.

నవంబరు నుంచే వాడి ఎడమ చెయ్యి మొద్దుబారుతూ ఉండేది. ఆటకి వెళ్ళిన ప్రతి ఊళ్ళోనూ ఇద్దరిదీ ఒకే గది కదా, నాకొక్కడికే తెలుసు. "ఓట్లు అయ్యేదాకా ఎవరికీ చెప్పకురా, దెబ్బ ఉందని తెలిస్తే ఎవడూ నా పేరు రాయడు" అన్నాడు. వాడి చొక్కా గుండీలు నేనే పెట్టాను. బూట్ల తాళ్ళు కట్టాను. వేళ్ళకి పట్టీలు చుట్టాను. వాడి భార్య ఒడెస్సా వదినకి కూడా చెప్పలేదు. అందులో తప్పుందని అప్పుడు నాకు తోచలేదు. మా పనిలో అందరూ ఏదో ఒకటి దాచుకునే ఆడతారు.

జాబితా వచ్చింది, వాడి కోరిక తీరింది. ఇక చెప్పేస్తాడనుకున్నాను. ఆదివారం పొద్దున హోటల్ గదిలో మంచం అంచున కూర్చుని కాఫీ కప్పు పట్టుకోబోయాడు. కప్పు జారి తివాచీ మీద పడింది. వాడు దాన్నే కాసేపు చూశాడు. తర్వాత తలెత్తి నన్ను చూశాడు.

"డాక్టర్‌కి చెప్పేయమంటావా? నువ్వేమంటావురా?" అని అడిగాడు.

చెప్పేయమనే మాట నా నోటిదాకా వచ్చిందమ్మా. కానీ వాడు చెబితే ఆ రోజే వాణ్ణి పక్కన పెడతారు. పక్కన పెడితే జాబితాలోంచి తీసేస్తారు. తీసేస్తే వెళ్ళేది నేను. బుధవారం నాటి ఆ నవ్వు నా చెవుల్లోనే ఉంది. వాడి స్థానం మీద కన్నేసి చెప్పమంటున్నానని అనుకుంటాడేమో అనిపించింది. ఆశపోతునని వాడు ఒక్క క్షణం అనుకోవడం కూడా నేను భరించలేకపోయాను.

అందుకని, "నీ ఇష్టంరా" అన్నాను.

అంతే అన్నాను. వంగి వాడి బూట్ల తాళ్ళు కట్టాను.

ఆ రోజు మూడో క్వార్టరులో ఎప్పుడూ ఆడే మామూలు ఆటే. వాడు తల వంచి ముందుకెళ్ళాడు, లేవలేదు. నేను పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. "డోర్సీ, నా కాళ్ళ మీద ఎవరున్నారు? లెమ్మను" అన్నాడు. వాడి కాళ్ళ మీద ఎవరూ లేరు. "లేస్తున్నార్రా, ఆగు" అన్నాను.

అప్పట్నుంచీ ఏడుపు రాలేదు. తింటున్నాను, నిద్రపోతున్నాను, ఎవరు పలకరించినా సమాధానం చెబుతున్నాను. ఇక్కడికి రానని హెన్నెసీకి చెబితే, ఆయన ఆ మాట వెర్నెల్‌కే చేరవేశాడు. వాడు ఒడెస్సా చేత ఫోన్ చేయించి, "నువ్వు వెళ్ళకపోతే ఆ చోటు ఇంకెవడో తీసుకుంటాడు, వెళ్ళు" అనిపించాడు. వచ్చాను.

ఈ పొద్దున ఆసుపత్రికి ఫోన్ చేశాను. వాడు పట్టుకోలేడు కాబట్టి ఒడెస్సా వాడి చెవి దగ్గర పెట్టింది. టుపువా వాళ్ళమ్మ ప్రార్థన సంగతి చెప్పాను. తర్వాత ఆ ఆదివారం నేనెందుకు అలా అన్నానో, నీకు రాసినట్టే, ఏదీ వదలకుండా చెప్పాను.

"నువ్వు చెప్పమంటే చెప్పేవాణ్ణి రా" అన్నాడు వాడు.

కోపంగా అనలేదు. టైమెంత అంటే చెప్పినట్టు అన్నాడు. "నిన్ను అడిగిందే అందుకు. నాకు నేనుగా చెప్పలేక."

పోనీలేరా అని వాడు అనలేదు. అంటాడని నేను లోపల ఎదురుచూశానని, అననప్పుడే తెలిసింది. కాసేపటికి, "మొదటి క్వార్టరులో నీ కుడికాలు ఎందుకంత వెనక పెట్టావు? ఇక్కడ నర్సుల ముందు నా పరువు పోయింది" అన్నాడు. నేలంతా తడిగా ఉందన్నాను. "సాకులు చెప్పకు. మొత్తం చెప్పు" అన్నాడు. అరగంటసేపు ఒక్కొక్క బంతి గురించీ చెప్పాను. ఎక్కడ తప్పు చేశానో వాడు చెబుతూ వచ్చాడు. చివరికి అలిసిపోయి నిద్రలోకి జారుకున్నాడు.

అప్పుడు ఒడెస్సా గొంతు వినబడింది. "డోర్సీ."

"వదినా."

"ఫోన్ పట్టుకున్నది నేనే. అంతా విన్నాను."

నా చెయ్యి హోటల్ బల్ల అంచు మీద ఉంది. దాన్నే చూస్తూ నిలబడ్డాను.

"ఆ చొక్కా గుండీలు పెట్టాల్సినదాన్ని నేను" అంది. "నెలరోజులు నా ఇంట్లో అన్నం తిన్నావు, నా మొహం చూసి నవ్వావు. నాకొక్క మాట చెప్పలేదు. అది నేను మర్చిపోను. మర్చిపోతానని అనుకోకు."

"అనుకోను."

ఆమె ఫోన్ పెట్టేస్తుందనుకున్నాను. పెట్టలేదు.

"గురువారం ఆయన్ని మొదటిసారి కుర్చీలో కూర్చోబెడతారు. ఆయన బరువుకి నర్సు, నేను చాలం. వాళ్ళ తమ్ముడు రాలేనన్నాడు. బయటివాళ్ళు ఎత్తితే ఆయనకి సిగ్గు. పొద్దున ఎనిమిదింటికల్లా రా. గోళ్ళు కత్తిరించుకుని రా, ఆయన చర్మం ఊరికే గీరుకుపోతోంది."

అందుకని ఇంటికి రావడం లేదమ్మా. ఈ సాయంత్రం విమానానికి నేరుగా అక్కడికే వెళుతున్నాను. మిఠాయిలో మిగిలిన సగం వాడికే. ఎన్నాళ్ళుంటానో తెలియదు, మళ్ళీ ఎప్పుడు ఆడతానో కూడా తెలియదు. ఉత్తరాలు ఆసుపత్రి చిరునామాకే రాయి, కవరు వెనక వేశాను. నన్ను తిట్టాలనిపిస్తే తిట్టి రాయి, చదువుతాను.

ఇందాక ఒడెస్సా ఫోన్ పెట్టేశాక కింద కొట్టుకి వెళ్ళి గోళ్ళు కత్తిరించుకునేది కొన్నాను. ఆ కొట్టు మెట్ల మీదే కూర్చుని పది వేళ్ళకీ కత్తిరించుకున్నాను. ఎడమ చేతి చూపుడు వేలికి కాస్త లోతుగా తెగింది. నొప్పెట్టింది.

ఇట్లు,
నీ చిన్నకొడుకు,
డోర్సీ.